పాలతో కడిగిన స్క్రూలు

స్క్రూ మెడ వెంట్రుకవాసి సన్నం చెయ్యమంటే ప్రిస్కిల్లాకు చెయ్యి ఆడలేదు.

చేసుడు ఎంత పని! కంప్యూటర్ల ఒక అంకె తీసేసి ఇంకో అంకె కొట్టాలె. కొట్టింది కూడా. తెర మీద స్క్రూ కొద్దిగ సన్నబడి, నాజూకుగ, చూడముచ్చటగ తయారైంది. అదే ఆమెకు నచ్చలేదు. లోపల ఉండి మనిషిని మోసేదానికి ఈ నాజూకుతనం దేనికి? మూతి ముడిచి పాత అంకె కొట్టింది. మళ్ల తీసేసింది. పొద్దటి నుంచి ఇదే ఆట.

మేడ్చల్ పారిశ్రామికవాడల ఆ కంపెనీ చేసేది ఒక్కటే సామాను. కిందపడి వెన్నుపూస నలిగినోళ్లకు, వెన్ను వంకరపోయినోళ్లకు ఆపరేషన్ల వేసే టైటానియం స్క్రూలు, కడ్డీలు. వెన్నుకు అటొక వరుస ఇటొక వరుస స్క్రూలు దించి, వాటి తలల నడుమ కడ్డీ పండబెట్టి, మీది నుంచి బిగిస్తరు డాక్టర్లు. లోపల ఎముక అతుక్కునేదాక ఆ పందిరే మనిషిని మోయాలె. స్క్రూకు తల ఉంటది, ఎముకల దిగే ఒళ్లు ఉంటది, రెండింటి నడుమ మెడ ఉంటది. బరువంతా వచ్చి కూసునేది ఆ మెడ మీదనే.

ఆ స్క్రూ గీసింది ప్రిస్కిల్లానే, కొలువుల చేరిన కొత్తల. ఇప్పుడేమో బక్కపల్చటోళ్లకు తోలు కింద స్క్రూ తల పొడుచుకొస్తున్నదని డాక్టర్లు మొర పెడుతున్నరు. తల చిన్నగ కావాలంటే మెడ సన్నబడాలె. వాళ్లు అడిగింది తప్పు కాదు. సన్నమెడ స్క్రూను పరీక్ష మిషన్‌కు తగిలించి లక్షల సార్లు వంచిన్రు, లేపిన్రు. చెక్కు చెదరలేదు.

"మిషన్ పాస్ జేసింది. ఇగ నీ సంతకమే బాకీ," అన్నడు జనార్ధన్ సార్. కంపెనీ ఆయనదే. రెండు లేతు మిషన్ల రేకుల షెడ్డు నుంచి ఇంత దాక తెచ్చిన మనిషి. మంచోడే గానీ జల్దీ ఎక్కువ.

"నాకెందుకో నమ్మబుద్ధి అయితలేదు సార్."

"ఎందుకో అంటే కాయితం మీద ఏమని రాయాలె అమ్మా?"

 అది తెలిస్తే ఇంత పరేషాన్ ఎందుకు? మిషన్ మీద ఆమెకు కోపమేం లేదు. పాపం, చెప్పినట్టు వింటది. మనిషే వినడు. ఈ సన్నమెడ స్క్రూ రేపు ఎవరి వీపులనో దిగుతది. లోపల విరిగిందంటే ఆ వీపును మళ్ల కొయ్యాలె. అదీ ఆమె భయం.

అప్పుడే రిసెప్షన్ల ఉండే కావ్య తలుపు సందుల నుంచి మొఖం పెట్టింది.

"అక్కా, ఎవరో ప్రతాప్ అంట, షామీర్‌పేట దిక్కు నుంచి. పొద్దుగాల్నుంచి గేటు కాడనే కూసున్నడు. చేతిల డబ్బా ఉంది. దాంట్ల…" గొంతు తగ్గించింది. "వాళ్లమ్మను కాలబెట్టినంక బూడిదల దొరికిన స్క్రూలంట! నేనైతే ముట్టనమ్మా!"

జనార్ధన్ సార్ కుర్చీల నుంచి సగం లేచిండు. "వచ్చింది మన మెడకు! వెనక ఏ లాయరో ఉండే ఉంటడు. ప్రిస్కిల్లా, నువ్వు పోయి మనయి కావని చెప్పి పంపియ్యి. మర్యాదగనే చెప్పు."

"మనయే అయితే సార్?"

"మనయి కావని చెప్పమంటున్న గద!"

*

గేటు పక్కన సెక్యూరిటీ రేకుల నీడల కూసోని ఉన్నడు ప్రతాప్. యాభై దాటిన మనిషి, తెల్లబట్టలు, కొత్తగ గీసిన గుండు. ముంగట లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేస్తుంటే, ఒళ్లో ఉన్న స్టీలు డబ్బా మీద అరచెయ్యి కప్పుతున్నడు. ప్రిస్కిల్లాను చూసి లేచి నిలబడ్డడు.

"నమస్తే మేడమ్. పెద్దసారును కలుద్దామని వచ్చిన. లోపలికి పోనిస్తలేరు."

చెప్పాల్సిన మాట నాలుక చివర్నే ఉంది. మనయి కావు సార్, ఏమనుకోకండి. దారిపొడుగున వల్లె వేసుకుంటనే వచ్చింది. అంతల ఆయన డబ్బా మూత తీసి, తెల్లబట్ట మడత విప్పిండు.

ప్రిస్కిల్లా వంగి చూసింది.

ఆరు స్క్రూలు, రెండు కడ్డీలు. కంపెనీ నుంచి పోయేటప్పుడు తళతళలాడే సామాను చితి మంటకు బూడిదరంగుకు మారింది, అక్కడక్కడ పసుపు, నీలం మరకలు. వేలకు వేలు ఈ గేటు దాటి పోయినయి. పోయినయంటే పోయినయే. ఎవరి ఒంట్ల కలిసినయో, ఏమైనయో, ఒక్కటన్నా మళ్ల వచ్చి నేనిట్లున్న అని చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు వచ్చినయి.

ఒకటి చేతిలకు తీసుకున్నది. తల అంచు మీద బొటనవేలు ఆడించింది. గుండ్రంగ ఉంది. మొదట్ల ఆ అంచు పదునుగ ఉండి డాక్టర్ల గ్లౌజులు చిరుగుతున్నయంటే, కూసోని అరగదీసి గుండ్రం చేసింది తనే. సొంత చేతిరాతను ఎవరైనా మర్చిపోతరా?

స్క్రూ చుట్ల నడుమ తెల్లగ ఏదో ఇరుక్కొని ఉంది. గోటితోని తీయబోయి ఆగింది. ఎముక. తను గీసిన ప్రతి చుట్టు సందులకూ ఆ మనిషి ఎముక పెరిగి వచ్చి పట్టుకున్నది. కాలి సున్నమై కూడా వదల్లేదు.  చర్చిల కూడా ప్రిస్కిల్లాకు ఎన్నడూ ఇట్ల ఒళ్లు జలదరించలేదు.

"మీయేనా మేడమ్?"

"మాయే," అన్నది.

ప్రతాప్ మొఖం విప్పారింది. "ఆపరేషన్ జేసిన మాధవీలత డాక్టరమ్మ చెప్పింది, గివి మేడ్చల్లనే తయారైతయని. మేమేమో ఏ దేశం నుంచో వచ్చినయనుకున్నం. మా పొలం గట్టెక్కి చూస్తే గీ షెడ్లు కానొస్తయి మేడమ్!"

ఇద్దరూ ఆ నీడలనే కూసున్నరు. ఆయన చెప్పుకుంట పోయిండు. తల్లి పేరు బాలమణి. గడ్డిమోపు ఎత్తుకొని గట్టు దాటుతుంటే జారి పడ్డది. నడుము కాడ వెన్నుపూస పిండి పిండైంది. ఇగ మంచం దిగదు అనుకున్నరు ఇంటిల్లిపాది. ఆపరేషన్ చేసి నిలబెట్టిన్రు.

"నిలబడితే సాలనుకున్నం మేడమ్. ఆమె ఏకంగ నాట్లల్ల దిగింది. సగం పొలం ప్లాట్లు జేసినం, మిగిలిన సగంల నాట్లేసెటందుకు కూలోళ్లున్నరు, నువ్వు గట్టు మీద కూసోవే అంటే ఇంటదా? 'నా నడుమిప్పుడు ఇనుపది రా,' అని ఎక్కిరిచ్చేది. మొన్న గుండె ఆగి పోయింది. నడుముకు మాత్రం ఏం గాలే."

ఆయన డబ్బాలోని బట్ట సర్దిండు.

"ఎప్పుడు జూసినా ఒకటే మాట చెప్తుండె. నేను పోయినంక గవి ఏరి, ఇంకెవరన్న నడుమిరిగినోళ్లకు వేపియ్యి రా. గంత మంచి సామాను, మట్టిల కలపొద్దు అని. చెయ్యిల చెయ్యి ఏపిచ్చుకున్నది. మూడొద్దుల నాడు కాటికి పోయి అమ్మ బొక్కలు ఏరినం. వాటితోని పాటే గివాటిని కూడా పాలతోని కడిగి, విడిగ పెట్టిన. బొక్కలు బాసర గోదావరిల కలిపొచ్చినం. గివి మీకు తెచ్చిన. ఎవరికన్న వెయ్యున్రి."

పాపం, ఆ మనిషికి రూపాయి వద్దు, లాయరు లేడు. తల్లికిచ్చిన మాట ఒక్కటే ఉంది. ప్రిస్కిల్లాకు లోపల కూసున్న జనార్ధన్ సార్ మీద ఒళ్లు మండింది. తన మీద కూడా.

"అన్నా," అన్నది మెల్లగ, "ఒకరి ఒంట్ల వేసినయి ఇంకొకరికి వెయ్యరాదు. మంటల కాలినంక అసలే వద్దు. దాంట్ల బలం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు."

"గట్టిగనే ఉన్నయి గద?"

"కంటికి గట్టిగనే ఉంటయన్నా."

ఆయన డబ్బా వైపు చూస్తూ కూసున్నడు. ఒక లారీ పోయింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు, దుమ్ము పడనిచ్చిండు.

"మాటిచ్చిన మేడమ్," అన్నడు చివరికి. "చచ్చేటప్పుడు గూడ అడిగింది."

ప్రిస్కిల్లా తెల్లబట్ట మీది దుమ్ము దులిపింది. "ఒక్కరోజు నా దగ్గర ఉంచుతరా? ఒకసారి మంచిగ చూస్త. ఏం చెయ్యొచ్చో రేపు చెప్త."

"ఉంచున్రి. పారెయ్యొద్దు మరి."

"అయ్యో, ఎంత మాట!"

*

మాయేనని ఒప్పుకున్నవా అని జనార్ధన్ సార్ ఎగిరిపడుతుండగనే ఆమె డబ్బా పట్టుకొని ల్యాబ్ల దూరింది. స్క్రూలను ఒక్కొక్కటి మైక్రోస్కోప్ కింద పెట్టి తిప్పింది. బాలమణి వెన్ను వంపు ఎట్లుండెనో కడ్డీల వంపు అట్లనే ఉంది. బిగించిన చోట నొక్కులు పడ్డయి. ఎన్ని వానకాలాలు, ఎన్ని నాట్లు మోసినయో ఇవి!  ఇన్నాళ్లూ తను గీసింది వస్తువనుకున్నది. ఒక మనిషి వీపుల బతికొచ్చింది ఇది.

ఐదు స్క్రూల మెడలు బాగున్నయి. ఆరోది తిప్పుతుంటే వేళ్లు ఆగిపోయినయి. మెడ మీద ఒక పక్కన, తల వెంట్రుక కన్నా సన్నగ, నల్లటి గీత.

పగులు.

 మిషన్ మీద లక్షల సార్లు వంచినా రాని పగులు, షామీర్‌పేట పొలంల ఎట్లొచ్చింది?

అల్వాల్ల ఇంటికి పోయినంక కూడా అదే ధ్యాస. ముంగట అన్నం సల్లగయింది. తల్లి దానమ్మ చర్చి పాటల ప్రాక్టీసు నుంచి అప్పుడే వచ్చి, కూతురు మొఖం చూసి పక్కన కూసున్నది. ప్రిస్కిల్లా అంతా చెప్పింది. డబ్బా సంగతి విని దానమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది.

"అయితే మనోళ్లను మట్టిల పెడ్తం గద, వాళ్ల స్క్రూలు?"

"అట్లనే ఉంటయమ్మా. వాటికి తుప్పు పట్టదు, అవి కరగవు."

"మరింకేం! తీర్పు దినాన ప్రభువు లేపితే, నీ స్క్రూలతోనే లేచి నిలబడ్తరన్నట్టు." దానమ్మ నవ్వి, కంచంల పప్పు వేసింది. "ఆయన ముంగట మనకు సిగ్గుచేటు గాకుండ, జర గట్టిగ చెయ్యి తల్లీ. తిను ముందు."

తల్లి ఆటకే అన్నది. ప్రిస్కిల్లా మాత్రం కంచం పక్కకు జరిపింది.

*

తెల్లారి ప్రతాప్ వచ్చిండు. ఈసారి ప్రిస్కిల్లానే గేటు దాక పోయి లోపలికి తీసుకొచ్చింది. మీటింగ్ గదిల జనార్ధన్ సార్ చేతులు కట్టుకొని, అల్లుడి మీద అలిగిన మామ తీరు కూసున్నడు. పగులు సంగతి పొద్దున్నే ఆయనకు చెప్పింది. ఆయన తలుపేసి మరీ బతిమాలిండు, బయటి మనిషికి చూపెట్టకు, కంపెనీ మునుగుతది అని. 'ఆయన తల్లి స్క్రూలు సార్, ఆయనకు చూపెట్టకుంటే ఎట్ల?' అన్నది.

మైక్రోస్కోప్ బొమ్మను గోడ మీది తెర మీదికి తెచ్చింది.

"అన్నా, ఇది మీ అమ్మ స్క్రూ. ఈ నల్లటి గీత పగులు."

 ప్రతాప్ తెర దగ్గరికి పోయి చూసిండు.

"పగిలిన సామాను ఏసిన్రా మా అమ్మకు?"

"లేదు. వేసినప్పుడు మంచిగనే ఉంది. తర్వాత పగిలింది."

"కాలినప్పుడు పగిలి ఉంటది," అన్నడు జనార్ధన్ సార్ తొందరగ.

"అయ్యుండొచ్చు సార్. కాకపోవచ్చు." ఆమె ప్రతాప్ వైపు తిరిగింది. "అన్నా, అమ్మ నాట్లేసేటప్పుడు ఎట్ల వంగుతుండె?"

"ఎట్ల వంగుతరు? అందరి తీరే."

"అందరిది కాదు. అమ్మది చెప్పు. చూపెట్టు."

ప్రతాప్ సిగ్గుపడ్డడు. తెల్లబట్టలు చూసుకున్నడు, జనార్ధన్ సార్‌ను చూసిండు. తర్వాత చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాక మడిచి, టేబులుకు గోడకు నడుమ నిలబడి వంగిండు. ఎడమచేతిల లేని నారుకట్ట పట్టుకున్నడు. కుడిచెయ్యి నేల దాక పోయింది. ఒక అడుగు వెనకకు. మళ్ల ఒకటి. కొద్దిసేపటికి ఆయన సిగ్గు మర్చిపోయిండు. ఒళ్లు దానంతట అదే ఆడుతున్నది.

"అందరు గట్ల. అమ్మ మాత్రం నారుకట్టలు చేతిల పట్టకపోయేది. కుడిపక్కన పడేయించుకునేది. గిట్ల…" వంగినోడు వంగినట్టే నడుమును కుడికి మెలేసి, వెనకకు చెయ్యి సాపి, ఒక కట్ట గుంజి, మళ్ల ముంగటికి తిరిగిండు. "లేవకపోయేది. లేస్తే టైమ్ దండుగ అంటుండె. పొద్దంత గిదే. ఎప్పుడూ కుడికే."

వంగుడు, మెలిక. వంగుడు, మెలిక. ప్రిస్కిల్లా ఆ నడుమునే చూస్తున్నది. పరీక్ష మిషన్ వంచుతది, లేపుతది. వంచి పట్టుకొని మెలెయ్యదు. మిషన్ పరీక్షల నియమాలు రాసినోళ్ల లెక్కల ఆపరేషన్ అయిన మనిషి నడుస్తది, కూసుంటది, కుర్చీల నుంచి లేస్తది. నాటేసే మనిషి వాళ్ల లెక్కల లేనే లేదు. పొలం పక్కన పుట్టి పెరిగినా, తన లెక్కల కూడా లేదు.

జనార్ధన్ సార్ కట్టుకున్న చేతులు ఎప్పుడు విప్పిండో తెల్వదు. "మా అమ్మ గూడ గట్లనే వేసేది," అన్నడు ఎవరికీ కానట్టు.

"ఏ రోజుకు ఆ రోజు కొద్దికొద్దిగ లోపలికి పోయిన పగులైతే దాని జాడ లోపల ఉంటదన్నా," అన్నది ప్రిస్కిల్లా. "చూడాలంటే స్క్రూను కొయ్యాలె. మీరు ఊ అంటేనే."

ప్రతాప్ నిటారుగ లేచిండు. రొప్పుతున్నడు. డబ్బాల నుంచి ఆ స్క్రూ తీసి అరచేతిల పెట్టుకున్నడు. ఒకరికి పెట్టమని తల్లి చెప్పిన వస్తువు. ముక్కలు చేస్తమంటున్నరు.

"మా అమ్మదమ్మా ఇది."

"ఎరుకే అన్నా."

చాలాసేపు పట్టుకున్నడు. గుప్పిట మూసిండు, తెరిసిండు. "కోస్తే తెలుస్తదా?"

"తెలుస్తది."

"అయితే కొయ్యి బిడ్డా."

మేడమ్ పోయి బిడ్డ అయిందని ప్రిస్కిల్లా తర్వాతెప్పుడో గమనించింది. అప్పుడు మాత్రం స్క్రూను రెండు చేతులతోని అందుకున్నది. ముగ్గురూ ల్యాబ్లకు పోయినంక, చిన్న రంపపు చక్రం కింద బిగించి, నీళ్ల చుక్క వదిలి, నిమ్మళంగ కోసింది. ప్రతాప్ గుండు మీద చెయ్యేసుకొని చూస్తున్నడు. పగులు దాక వచ్చినంక ఆపి, పట్టకారుతోని పట్టి విరిచింది.

విరిగిన మొఖాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టింది. తెర మీద కనవడంగనే జనార్ధన్ సార్ కుర్చీ జరుపుకొని ముందుకు వచ్చిండు.

గీతలు. ఒక మూల నుంచి మొదలై, ఒకదాని వెనక ఒకటి, వంపులు వంపులుగ లోపలికి పోయిన సన్నటి గీతలు. ఎండకాలం నీళ్లు దిగుతుంటే చెరువు ఒడ్డున మిగిలే గీతల తీరు. మంట మసి పట్టినా అవి చెరగలేదు. మంటకు పగిలింది కాదు ఇది. బాలమణి కుడికి మెలి తిరిగిన ప్రతి నాటుకూ ఇంతింత పాకింది. మెడ సగం దాక వచ్చింది.

అక్కడ ఆగింది.

"ఎందుకు ఆగింది?" ప్రతాప్ గొంతు గుసగుసే.

"లోపల ఎముక అతుక్కొని బరువు అందుకున్నదన్నా. అది అతికేదాక ఈ మిగిలిన సగమే అమ్మను మోసింది." ఆమె తెర మీద వేలు పెట్టి చూపించింది.  "సగం తెగి కూడా వదల్లేదు."

ప్రతాప్‌కు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ప్రిస్కిల్లా తన కండ్లు తుడుచుకోలేదు, సిగ్గు కూడా పడలేదు. ఎదురుగ ఉన్నది ఎంత పెద్దదో ఆ గదిల అందరికీ తెలుస్తున్నది. అది ఒక చిన్న లోహం ముక్క. ఒక ముసలమ్మ మొండితనం దాంట్ల వరుసగ గీతలు పడి ఉంది.

జనార్ధన్ సార్ తెర వైపు చెయ్యి చూపిండు. "మనం సన్నం చేద్దామన్నది ఎంత?"

ప్రిస్కిల్లా తెర మీదనే కొలిచి గీత గీసింది. ఆ గీత మిగిలిన సగంల నుంచి ఇంకింత తినేసింది. మిగిలింది మనిషిని మోసెటందుకు చాలదు.

ఆయన నుదురు రుద్దుకున్నడు. "తల చిన్నగ చేసెటందుకు ఇంకో తొవ్వ చూడు. మెడ ముట్టకు. ముట్టితే ఇంకింత లావు చెయ్యి. పరీక్షల మెలిక గూడ పెట్టియ్యి." లేచి, ప్రతాప్ ముంగట ఒక్క క్షణం నిలబడ్డడు. "నిన్న నిన్ను గేటు కాడ కూసోబెట్టిన. తప్పయింది అన్నా," అని వెళ్లిపోయిండు.

*

కొత్త మెడతోని మొదటి స్క్రూ మిషన్ ఎక్కిననాడు ప్రిస్కిల్లా ప్రతాప్‌కు ఫోన్ చేసి రమ్మన్నది. ఒక చేతిల ఆ డబ్బా, ఇంకో చేతిల పాల క్యాన్ పట్టుకొని వచ్చిండు.

"మా అమ్మ బర్రెల పాలు. దీన్ని గూడ కడగాలె గద?"

"వద్దన్నా, మా కడుగుడు వేరే ఉంటది," అని నవ్వింది ప్రిస్కిల్లా. క్యాన్ అందుకొని కావ్యకు ఇచ్చింది. స్క్రూలనే ముట్టనన్న పిల్ల, క్యాన్ను రెండు చేతులతోని గుండెకానిచ్చుకొని తీసుకపోయి ఛాయ్ పెట్టించింది.

అద్దం వెనక నూనె ధారల నడుమ టైటానియం కమ్మి తిరుగుతున్నది. పనిముట్టు వచ్చి తాకినప్పుడల్లా వెండి పొరలు లేచి రాలుతున్నయి. ముందు చుట్లు తేలినయి. తర్వాత మెడ. పాతదాని కన్నా జరంత లావుగ, పగులు మొదలైన మూల కాడ గుండ్రంగ తిరిగి ఉంది. ప్రతాప్ అద్దానికి మొఖం ఆనించి చూస్తున్నడు.

"గిది ఎవరికి బిడ్డా?"

"తెల్వదన్నా. ఎవరికో. వంగేటోళ్లు, మెలి తిరిగేటోళ్లు, డాక్టరు మాట విననోళ్లు, అందరికీ ఇదే. మీ అమ్మ చూపెట్టకపోతే ఈ మెడ ఇట్ల ఉండకపోయేది."

ప్రతాప్ ఆ మాటను లోపల లోపల తిప్పుకున్నడు. డబ్బాను చంకల నుంచి తీసి రెండు చేతులకు తెచ్చుకున్నడు.

"అయితే ఏసినట్టేనా?"

 "వేసినట్టే అన్నా. ఒక్కరికి గాదు."

"అవ్వా," అన్నడు ప్రతాప్ అద్దం వైపు చూసుకుంట. తల్లిని అట్లనే పిలిచెటోడేమో, ప్రిస్కిల్లా ముంగట మాత్రం ఎన్నడూ అనలేదు. "ఏసిన్రే."

డబ్బాను ప్రిస్కిల్లా చేతుల పెట్టిండు. ఇగ నీ దగ్గరనే ఉండనియ్యి అన్నడు. కావ్య అందరికీ ఛాయ్ పంచింది. చిక్కటి పాలు, మస్తుగ ఉందని మిషన్ల మీదోళ్లు మళ్ల మళ్ల పోయించుకున్నరు. ప్రతాప్ గ్లాసు పట్టుకొని అద్దం కాడనే నిలబడ్డడు, రెండో స్క్రూ తయారయ్యేదాక.